తలల లెక్కలో తేలే వారసత్వం

2025 సెప్టెంబరు 2న భారత రాష్ట్ర సమితి తన ఎమ్మెల్సీ, పార్టీ అధ్యక్షుడు కె. చంద్రశేఖర్ రావు కుమార్తె కవితను పార్టీ నుంచి సస్పెండ్ చేసింది. మర్నాడు ఆమె పార్టీకీ, శాసనమండలి సభ్యత్వానికీ రాజీనామా ప్రకటించారు. ఆ వారమంతా తెలంగాణలో చర్చ కుటుంబం చుట్టూనే తిరిగింది. అన్న కె.టి. రామారావు, మేనబావ హరీశ్ రావు, వారి మధ్య చెల్లెలి స్థానం, తండ్రి మౌనం, ఇవే మాటలు వినిపించాయి. చంద్రశేఖర్ రావు తర్వాత ఆ పార్టీ ఎవరిదో తేల్చే పద్ధతి ఎక్కడ రాసి ఉంది, ఓటు వేసేది ఎవరు అన్న ప్రశ్నను అడిగినవారు తక్కువ. ఆ ప్రశ్న ఒక్క భారత రాష్ట్ర సమితికే సంబంధించింది కాదు. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, ద్రవిడ మున్నేట్ర కళగం, సమాజ్‌వాదీ పార్టీ, బహుజన సమాజ్ పార్టీ, ఏ పార్టీని చూసినా సమాధానం దాదాపు ఒకేలా ఉంటుంది. నాయకుడున్నంత కాలం ఆయన మాటే నియమం. ఆయన లేనప్పుడు, లేదా ఆయన మీద తిరుగుబాటు వచ్చినప్పుడు, పార్టీ గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎటువైపు ఎందరున్నారన్న లెక్కే నియమం అవుతుంది. ఈ పరిస్థితి ఎలా ఏర్పడిందో తెలియాలంటే అర్ధశతాబ్దం వెనక్కి వెళ్ళాలి.

భారత రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాడు అందులో రాజకీయ పార్టీ ప్రస్తావనే లేదు. 1985లో 52వ సవరణ ద్వారా పదో షెడ్యూలు చేరినప్పుడు గానీ ఆ మాట రాజ్యాంగంలోకి రాలేదు. పార్టీల నమోదుకు ప్రజా ప్రాతినిధ్య చట్టంలో 29-ఎ సెక్షను 1989లో అమల్లోకి వచ్చింది. రాజ్యాంగానికి, సామ్యవాద, లౌకిక, ప్రజాస్వామ్య సూత్రాలకు విధేయంగా ఉంటామని ప్రతి పార్టీ తన నియమావళిలో రాసుకోవాలని అది చెబుతుంది. ఆ నియమావళి ప్రకారం లోపల నిజంగా ఎన్నికలు జరగకపోతే ఏం చేయాలో మాత్రం చెప్పదు. ఒకసారి నమోదైన పార్టీని రద్దు చేసే సాధారణ అధికారం ఎన్నికల సంఘానికి లేదని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. పార్టీల అంతర్గత ప్రజాస్వామ్యాన్ని చట్టంలో చేర్చాలని న్యాయ సంఘం 1999లో తన 170వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ సిఫారసు చట్టం కాలేదు.

పార్టీ సభ్యులు ఓటు వేసి నాయకుణ్ణి ఎన్నుకోవడం మన దేశానికి తెలియని సంగతి కాదు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్, మన భోగరాజు పట్టాభి సీతారామయ్య పోటీపడ్డారు. గాంధీజీ మద్దతు ఉన్నా పట్టాభి 1,377 ఓట్లు తెచ్చుకుని, 1,580 ఓట్లు వచ్చిన బోస్ చేతిలో ఓడిపోయారు. 1948లో పురుషోత్తమదాస్ టండన్‌పై అదే పట్టాభి గెలిచారు. 1950లో టండన్ గెలిచినా, నెహ్రూతో పొసగక మరుసటి ఏడాదే తప్పుకోవలసి వచ్చింది. పార్టీ అధ్యక్షుడికీ, ప్రభుత్వాధినేతకూ మధ్య వైరం వస్తే నెగ్గేది ప్రభుత్వాధినేతేనని అప్పుడే తేలిపోయింది. 1966 జనవరి 19న కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ రహస్య ఓటింగు జరిపి మొరార్జీ దేశాయ్‌కి 169 ఓట్లు, ఇందిరా గాంధీకి 355 ఓట్లు వేసింది. ప్రధానమంత్రి పదవికి పాలక పార్టీలో అలా బహిరంగంగా పోటీ పెట్టి, ఓట్లు లెక్కపెట్టి, అంకెలు ప్రకటించిన సందర్భం మళ్ళీ అంత స్పష్టంగా కనిపించదు.

అసలు మలుపు 1969. ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించారు. కామరాజ్, నిజలింగప్ప, ఎస్.కె. పాటిల్, అతుల్య ఘోష్ వంటి పెద్దల కూటమి నీలం సంజీవరెడ్డిని కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబెట్టింది. ఇందిర మొదట ఒప్పుకున్నా, చివరికి అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమని సభ్యులకు చెప్పారు. స్వతంత్రుడిగా నిలబడిన వి.వి. గిరి రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో గెలిచారు. ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య జరిగిన ఆ పోటీ దేశంలోని అతిపెద్ద పార్టీని నిలువునా చీల్చింది. నవంబరు 12న పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప ప్రధానమంత్రినే పార్టీ నుంచి బహిష్కరించారు. ఇందిర వర్గం జగ్జీవన్ రామ్‌ను తమ అధ్యక్షుడిగా ఎన్నుకుంది. దాంతో ఒక పార్టీకి ఇద్దరు అధ్యక్షులు, రెండు కార్యవర్గాలు అయ్యాయి. కాడి మోస్తున్న జోడెడ్ల గుర్తు మాత్రం ఒక్కటే.

ఆ గుర్తు విలువ ఈనాటి పాఠకులకు వెంటనే తట్టకపోవచ్చు. అక్షరాస్యత తక్కువగా ఉన్న రోజుల్లో, 1952 నుంచి నాలుగు సాధారణ ఎన్నికల్లో, పల్లెటూరి ఓటరు కాంగ్రెస్‌ను గుర్తుపట్టింది ఎద్దుల బొమ్మతోనే. గుర్తు ఎవరి చేతికి వస్తే పార్టీ పేరు, కార్యాలయాలు, జనం జ్ఞాపకం వారివి అవుతాయని రెండు వర్గాలకూ తెలుసు. ఈ తగాదాను తేల్చడానికి ఎన్నికల సంఘం చేతిలో ఉన్నది అప్పటికి ఏడాది కిందటే జారీ అయిన ఒక ఉత్తర్వు. 1968 ఎన్నికల గుర్తుల ఉత్తర్వులోని 15వ పేరా, గుర్తింపు పొందిన పార్టీలో వర్గాలు ఏర్పడి ప్రతి వర్గమూ తనదే అసలు పార్టీ అన్నప్పుడు, పరిస్థితులన్నీ పరిశీలించి ఏదో ఒక వర్గమే ఆ పార్టీ అనో, ఏదీ కాదనో ఎన్నికల సంఘం నిర్ణయించవచ్చునని చెబుతుంది. ఎలా నిర్ణయించాలో చెప్పదు.

కొలమానాన్ని సంఘమే తయారు చేసుకోవలసి వచ్చింది. చట్టసభల్లో ఎవరి వెంట ఎందరున్నారు, పార్టీ సంస్థాగత విభాగాల్లో ఎవరి వెంట ఎందరున్నారు అన్న రెండు లెక్కలను అది వేసింది. రెండింటిలోనూ జగ్జీవన్ రామ్ వర్గమే ఎక్కువని 1971 జనవరిలో తేల్చింది. ఆ నిర్ణయాన్ని సుప్రీంకోర్టు నిలిపివేయడంతో మార్చి ఎన్నికల్లో జోడెడ్లు ఎవరికీ దక్కలేదు. ఆవుదూడ గుర్తుతో పోటీచేసిన ఇందిర 352 స్థానాలు గెలిచారు. ఆ తర్వాత 1971 నవంబరు 11న సాదిక్ అలీ కేసులో సుప్రీంకోర్టు సంఘం నిర్ణయాన్ని సమర్థించింది. గుర్తు అన్నదమ్ములు పంచుకునే ఉమ్మడి ఆస్తి వంటిది కాదని, ప్రజాస్వామ్య వ్యవస్థలో సంఖ్యాబలాన్ని చూడడం సముచితమేనని చెప్పింది. ఆ తర్వాతి అర్ధశతాబ్దపు తగాదాలన్నీ ఈ తీర్పు నీడలోనే నడిచాయి. అప్పటి కాంగ్రెస్‌లో ఏఐసీసీకి, ప్రదేశ్ కమిటీలకు ఎన్నికైన సభ్యులు నిజంగా ఉండేవారు కాబట్టే సంస్థాగత లెక్కకు అర్థం ఉండేదన్న సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఓటరు తలచుకుంటే ఈ లెక్కలన్నీ పక్కకు పోతాయని 1978లో ఆంధ్రప్రదేశ్ చూపించింది. ఆ ఏడాది జనవరిలో కాంగ్రెస్ మళ్ళీ చీలింది. పాత పార్టీ అధ్యక్షుడు మన కాసు బ్రహ్మానందరెడ్డే. కొత్తగా ఏర్పడిన ఇందిరా కాంగ్రెస్ హస్తం గుర్తు తీసుకుంది. ఊరూరా జనం అంతకుముందు చూడని ఆ గుర్తుతో రెండు నెలల్లోపే శాసనసభ ఎన్నికలకు వెళ్ళి 294 స్థానాల్లో 175 గెలిచింది. అయితే అలా వచ్చిన ప్రభుత్వంలో ముఖ్యమంత్రిని నిర్ణయించే అధికారం ఎమ్మెల్యేల చేతిలో మిగల్లేదు. 1978 నుంచి 1983 లోపు చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరసగా ముఖ్యమంత్రులయ్యారు. ఢిల్లీ నుంచి సీల్డు కవరులో పేరు వచ్చే ఆ పద్ధతి మీద కోపమే ఎన్.టి. రామారావుకు తెలుగువారి ఆత్మగౌరవ నినాదాన్ని అందించింది. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలలకే అధికారంలోకి రావడం వెనుక ఉన్న అనేక కారణాల్లో ఇదొకటి.

ఢిల్లీ పెత్తనాన్ని కాదన్న పార్టీకి తన నాయకత్వాన్ని తానే తేల్చుకునే ఏర్పాటు అవసరం. తెలుగుదేశం ఆ ఏర్పాటు చేసుకోకముందే 1984 ఆగస్టు సంక్షోభం వచ్చి పడింది. అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన ఎన్టీఆర్‌ను ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ బర్తరఫ్ చేసి, ఆర్థికమంత్రిగా ఉన్న నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. మెజారిటీ సభ్యులు ఎన్టీఆర్ వెంటే ఉన్నారు. వాళ్ళను చేజారకుండా కర్ణాటకకు తరలించారు, ఢిల్లీ తీసుకెళ్ళి రాష్ట్రపతి ఎదుట నిలబెట్టారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. జనం వీధుల్లోకి వచ్చి చేసిన పోరాటంగా ఆ నెల రోజులను మనం గుర్తుంచుకుంటాం. అది నిజమే. అదే నెలలో మరో విద్య కూడా అలవడింది. ఎమ్మెల్యేలను ఒకచోట ఉంచి, లెక్క తగ్గకుండా కాపాడి, ఆ లెక్కను రాజ్‌భవన్‌కు చూపే క్యాంపు విద్య అది. ఆ పనిలో ముందున్నవారిలో ఎన్టీఆర్ అల్లుడు నారా చంద్రబాబు నాయుడు ఒకరు.

కొద్ది నెలలకే, 1985లో, రాజీవ్ గాంధీ ప్రభుత్వం పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చింది. విప్‌ను, అంటే సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేసినా, తనంత తానుగా పార్టీని వదిలినా సభ్యత్వం పోతుంది. మూడింట ఒకవంతు సభ్యులు బయటికి వస్తే అది చీలిక, మూడింట రెండువంతులు మరో పార్టీలో కలిస్తే అది విలీనం, వారికి అనర్హత లేదు. చీలిక మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించింది. ఒకరిద్దరు గోడ దూకడాన్ని ఆపడానికి వచ్చిన ఈ చట్టం, నాయకత్వ తగాదాలకు మాత్రం ఒక కొత్త రూపం ఇచ్చింది. ఒంటరిగా అసమ్మతి చెప్పే ఎమ్మెల్యేకు రక్షణ లేదు, గుంపుగా వచ్చేవారికి ఉంది. పైగా అనర్హతపై నిర్ణయం స్పీకరుది, స్పీకరు సాధారణంగా గెలిచే పక్షం మనిషి. కాబట్టి నాయకుణ్ణి మార్చదలచుకున్నవాడు పార్టీ వేదిక మీద నోరు విప్పకుండా, రహస్యంగా తలలు పోగుచేసి, సంఖ్య సరిపోయాకే బయటపడాలి. ఈ చట్టం మన పార్టీల్లో బహిరంగ అసమ్మతిని చంపి, హఠాత్తు తిరుగుబాట్లను పెంచిందని నా అభిప్రాయం.

1995 ఆగస్టులో హైదరాబాదు చూసింది దాన్నే. అంతకు ఎనిమిది నెలల ముందు, 1994 డిసెంబరులో, తెలుగుదేశం ఒక్కటే 216 స్థానాలు గెలిచింది, కాంగ్రెస్ 26కు పడిపోయింది. అంతటి విజయం ఎన్టీఆర్ సొంత ప్రతిష్ఠ మీద వచ్చిందనడంలో ఎవరికీ అనుమానం లేదు. కానీ పార్టీలో టికెట్ల దగ్గర నుంచి పదవుల దాకా 1993లో ఆయన వివాహం చేసుకున్న లక్ష్మీపార్వతి జోక్యం పెరిగిందన్న అసంతృప్తి ఉంది. ఆమే వారసురాలు అవుతారన్న భయం కుటుంబంలోనూ, సీనియర్లలోనూ ఉంది. ఆ భయాన్ని చెప్పుకోవడానికి పార్టీలో వేదిక లేదు. మహానాడు ఏటా జరిగేది, తీర్మానాలు చేసేది, అధ్యక్షుణ్ణి కీర్తించేది. ఆయనను ప్రశ్నించే పద్ధతి అక్కడ లేదు. చివరికి ఆ మాట తేలింది హుస్సేన్‌సాగర్ దగ్గరి వైస్రాయ్ హోటల్లో.

ఎమ్మెల్యేలు విడతలుగా ఆ హోటలుకు చేరారు. ఎన్టీఆర్ కుమారుడు హరికృష్ణ, మరో అల్లుడు దగ్గుబాటి వెంకటేశ్వరరావు కూడా మొదట చంద్రబాబు పక్షానే నిలిచారు. ఎన్టీఆర్ తిరుగుబాటుదారులను పార్టీ నుంచి బహిష్కరించారు, శాసనసభ రద్దుకు సిఫారసు చేశారు. గవర్నరు కృష్ణకాంత్ ఆ సిఫారసును అమలు చేయలేదు. సభ్యులతో మాట్లాడదామని హోటల్ ఎదుటికి వెళ్ళిన ఎన్టీఆర్ వాహనం మీద చెప్పులు పడ్డాయి. స్పీకరు యనమల రామకృష్ణుడు కొత్త నాయకత్వాన్ని గుర్తించారు. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు.

ఈ ఘట్టాన్ని వెన్నుపోటు అనేవారు ఉన్నారు, పార్టీని కాపాడిన చర్య అనేవారు ఉన్నారు. ముప్పై ఏళ్ళయినా ఆ వాదన ఆగలేదు, ఇక్కడ దాన్ని తేల్చబోవడం లేదు. ఈ కథనానికి కావలసింది పద్ధతి. పార్టీని స్థాపించిన వ్యక్తి అధ్యక్షుడి హోదాలో బహిష్కరణ ఉత్తర్వు ఇచ్చినా అది చెల్లలేదు, ఎందుకంటే బహిష్కృతుల వైపే సంఖ్య ఉంది. లక్షలాది సభ్యత్వాలున్న పార్టీలో కార్యకర్తను ఎవరూ ఒక్క మాట అడగలేదు. సైకిలు గుర్తు చంద్రబాబు నాయకత్వంలోని పార్టీ దగ్గరే ఉండిపోయింది. లక్ష్మీపార్వతి వేరే పార్టీతో పాతపట్నం ఉప ఎన్నికలో గెలిచినా, 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆమె పార్టీకి ఒక్క స్థానమూ రాలేదు, తెలుగుదేశానికి 16 వచ్చాయి. 1999లో తెలుగుదేశం 180 శాసనసభ స్థానాలతో గెలిచాక వారసత్వ ప్రశ్న ముగిసిపోయింది. హరికృష్ణ పెట్టిన అన్న తెలుగుదేశం ఆ ఎన్నికల్లోనే చతికిలబడింది.

2009లో మరో తెలుగు వారసత్వ ప్రశ్న వచ్చింది, అక్కడ తలల లెక్క పనిచేయలేదు. సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదంలో వైఎస్ రాజశేఖరరెడ్డి మరణించగానే, ఆయన కుమారుడు జగన్‌ను ముఖ్యమంత్రిని చేయాలంటూ కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో అత్యధికులు సంతకాలు చేశారు. మర్నాడే రోశయ్య ప్రమాణం చేశారు. సంతకాల సంఖ్య ఎంత ఉన్నా, శాసనసభాపక్షం మీద ఢిల్లీలో అధిష్ఠానం అనే మరో అధికారం ఉన్న పార్టీ అది. సంతకాలు చేసినవారిలో ఎక్కువమందికి వచ్చే ఎన్నికల్లో బీ-ఫారం ఇచ్చేది ఆ అధిష్ఠానమే కనుక వాళ్ళు సర్దుకున్నారు. జగన్ 2010 నవంబరు 29న పార్టీని వీడి, 2011 మార్చి 12న ఇడుపులపాయలో కొత్త జెండా ఎగరేసి, మేలో కడప ఉప ఎన్నికలో 5.45 లక్షల మెజారిటీ తెచ్చుకున్నారు. కాంగ్రెస్ తన పద్ధతిని కాపాడుకుంది, రాష్ట్రంలో తన బలాన్ని పోగొట్టుకుంది. విభజన ఆ పతనాన్ని పూర్తిచేసిందనుకున్నా, పునాది కదిలింది మాత్రం ఆ సంతకాల దగ్గరే.

తర్వాతి దశాబ్దంలో ఉత్తరాదిన వచ్చిన రెండు తగాదాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2016 డిసెంబరు 30న సమాజ్‌వాదీ పార్టీ వ్యవస్థాపకుడు ములాయం సింగ్ యాదవ్ ముఖ్యమంత్రిగా ఉన్న కొడుకు అఖిలేశ్‌ను బహిష్కరించి, మర్నాడే ఉపసంహరించుకున్నారు. 2017 జనవరి 1న లక్నోలో జరిగిన ప్రతినిధుల సభ అఖిలేశ్‌ను జాతీయ అధ్యక్షుడిగా ప్రకటించింది. అక్కడా గుర్తు సైకిలే. అఖిలేశ్ వర్గం ఎన్నికల సంఘానికి ప్రమాణపత్రాల కట్టలు సమర్పించింది. 228 మంది ఎమ్మెల్యేల్లో 205 మంది, 24 మంది ఎంపీల్లో 15 మంది, 5,731 మంది ప్రతినిధుల్లో సుమారు 4,400 మంది ఆయన వైపు సంతకం చేశారు. జనవరి 16న సైకిలు ఆయనకే దక్కింది. తండ్రీకొడుకుల మధ్య జరిగిన ఆ తగవులో కనీసం సంస్థాగత ప్రతినిధుల సంఖ్య లెక్కలోకి వచ్చింది.

శివసేనలో అదీ లేకపోయింది. బాల్ ఠాక్రే 1966లో పార్టీ పెట్టినప్పటి నుంచి ఆయన మాటే శాసనం. 2003లో మహాబలేశ్వర్ సమావేశంలో ఆయన కుమారుడు ఉద్ధవ్‌ను కార్యనిర్వాహక అధ్యక్షుడిగా ప్రతిపాదించింది ఉద్ధవ్‌కు స్వయానా చిన్నాన్న కొడుకైన రాజ్ ఠాక్రే. 2006లో అదే రాజ్ మహారాష్ట్ర నవనిర్మాణ సేన పెట్టుకున్నారు. ఠాక్రే 2012లో మరణించాక ఉద్ధవ్ నాయకత్వం నిలబడ్డట్టే కనిపించింది. 2022 జూన్‌లో ఏక్‌నాథ్ శిందే ఎమ్మెల్యేలతో సూరత్‌కు, అక్కడి నుంచి గువాహటికి వెళ్ళారు. పార్టీకున్న 55 మంది ఎమ్మెల్యేల్లో 40 మంది ఆయన వెంట తేలారు. 29న ఉద్ధవ్ ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు, 30న శిందే ముఖ్యమంత్రి అయ్యారు.

2023 ఫిబ్రవరి 17న ఎన్నికల సంఘం శివసేన పేరును, విల్లంబుల గుర్తును శిందే వర్గానికి ఇచ్చింది. ఆ నిర్ణయం వెనుక తర్కాన్ని ప్రతి పార్టీ కార్యకర్త తెలుసుకోవాలి. 1990ల చివర ఎన్నికల సంఘం ఒత్తిడి మీద బాల్ ఠాక్రే కాలంలోనే పార్టీ నియమావళిలో కొన్ని ప్రజాస్వామ్య నిబంధనలు చేరాయి. 2018 సవరణలు వాటిని తీసేశాయని, అధ్యక్షుడు నియమించినవారే అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఏర్పాటు వచ్చిందని, ఆ నియమావళి తమ దగ్గర దాఖలు కూడా కాలేదని సంఘం అన్నది. నియమితులతో నిండిన సంస్థాగత విభాగాల్లో ఎవరికి మెజారిటీ ఉందో చూసి ప్రయోజనం లేదని, కనుక చట్టసభల లెక్కనే చూస్తామని చెప్పింది. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు జెండా మోసిన శాఖాప్రముఖుల, అంటే స్థానిక శాఖల నాయకుల, అభిప్రాయానికి ఆ లెక్కలో చోటు లేదు. 40 మంది ఎమ్మెల్యేలు, 18 మంది ఎంపీల్లో 13 మంది ఎటు ఉంటే పార్టీ అటు వెళ్ళింది.

1971లో రెండు కాళ్ళ మీద నిలిచిన కొలమానం 2023కు ఒంటికాలి మీద నిలబడింది. ఆ రెండో కాలిని నరికింది పార్టీల అధినేతలే. తమ పదవికి లోపలి నుంచి పోటీ రాకూడదని సంస్థాగత ఎన్నికలను ఎత్తేశారు, కమిటీలను నామినేషన్లతో నింపారు. రేపు ఎమ్మెల్యేలు తిరగబడిన రోజున, పార్టీ నా వెంటే ఉందని చూపడానికి ఎన్నికైన సభ్యుల జాబితా ఒక్కటీ వారి చేతిలో లేకుండా పోయింది. ఏడాది తర్వాత, 2024 ఫిబ్రవరి 6న, శరద్ పవార్ 1999లో స్థాపించిన నేషనలిస్ట్ కాంగ్రెస్ పార్టీ పేరు, గడియారం గుర్తు ఇదే తర్కంతో ఆయన అన్న కొడుకు అజిత్ పవార్‌కు వెళ్ళాయి. 2023 మే 11న శివసేన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విప్‌ను, సభలో నాయకుణ్ణి నియమించేది రాజకీయ పార్టీయే తప్ప శాసనసభాపక్షం కాదని గట్టిగా చెప్పింది. సూత్రం మంచిదే. ఆ రాజకీయ పార్టీ ఎవరిదో చెప్పవలసి వచ్చినప్పుడు 2024 జనవరిలో మహారాష్ట్ర స్పీకరు తిరిగి శాసనసభలోని సంఖ్యనే ఆశ్రయించారు.

ఈ అనుభవాలు చూసిన అధినేతలు వెతుక్కున్న రక్షణ ఏమిటంటే, వారసుణ్ణి తాము బతికుండగానే, ఎమ్మెల్యేలకు టికెట్లిచ్చే స్థానంలో కూర్చోబెట్టడం. కరుణానిధి దాన్ని అందరికంటె ఓపికగా చేశారు. స్టాలిన్ యువజన విభాగం నుంచి మొదలై, 1996లో చెన్నై మేయరై, 2009లో ఉపముఖ్యమంత్రై, 2017 జనవరిలో కార్యనిర్వాహక అధ్యక్షుడై, తండ్రి మరణించిన మూడు వారాలకు, 2018 ఆగస్టు 28న, అధ్యక్షుడయ్యారు. అప్పటికి స్టాలిన్ అన్న అళగిరిని పార్టీ నుంచి తొలగించి నాలుగేళ్ళయింది. తెలంగాణలో కె.టి. రామారావు 2018 డిసెంబరు 14న కార్యనిర్వాహక అధ్యక్షుడయ్యారు. తెలుగుదేశంలో లోకేశ్ 2017లో ఎమ్మెల్సీ, మంత్రి అయి, 2019లో మంగళగిరిలో ఓడి, 2023లో కుప్పం నుంచి యువగళం పాదయాత్ర చేసి, 2024లో అదే మంగళగిరిలో తొంభై వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఓటమి తర్వాత జనంలోకి వెళ్ళి గెలుపు తెచ్చుకోవడాన్ని తక్కువ చేయలేం. అయినా పోటీలో ఉన్న పేరు మొదటి నుంచీ ఒక్కటే. బహుజన సమాజ్ పార్టీలో కాన్షీరామ్ 2001లో రక్తసంబంధం లేని మాయావతిని వారసురాలిగా ప్రకటించడం ఈ చరిత్రలో అరుదైన సంగతి. ఆమె మేనల్లుడు ఆకాశ్ ఆనంద్‌ను 2023 డిసెంబరు నుంచి రెండేళ్ళలోపే ప్రకటించి, తొలగించి, తిరిగి తీసుకుని, బహిష్కరించి, మళ్ళీ క్షమించారు. ఆ అయిదు నిర్ణయాలూ ఒక్కరివే.

ఇంకొక రక్షణ అసలు వారసత్వ ప్రశ్నే రాకుండా చేయడం. 2022 జులైలో గుంటూరు దగ్గర జరిగిన ప్లీనరీలో వైఎస్సార్ కాంగ్రెస్ తన నియమావళిని సవరించి జగన్‌ను జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకున్నట్టు ప్రకటించింది. శాశ్వత అధ్యక్ష పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని, ఆ విషయంలో బహిరంగంగా స్పష్టత ఇవ్వాలని సెప్టెంబరులో ఎన్నికల సంఘం ఆ పార్టీని ఆదేశించింది. అయిదు నెలలు తిరక్కుండానే వచ్చిన శివసేన నిర్ణయంతో కలిపి చదివితే, జీవితకాల పదవి నాయకుడికి బలం ఇవ్వదని తెలుస్తుంది.

కార్యకర్తకు ఓటు ఇచ్చిన నియమం ఒకటి మన పొరుగునే ఉంది. ఎం.జి. రామచంద్రన్ 1972 అక్టోబరులో అన్నా డీఎంకే స్థాపించినప్పుడు, పార్టీ ప్రధాన కార్యదర్శిని ప్రాథమిక సభ్యులే నేరుగా ఎన్నుకోవాలని, ఆ నిబంధనను మార్చరాదని నియమావళిలో రాయించారు. 1987 డిసెంబరు 24న ఆయన మరణించినప్పుడు ఆ నియమం ఎవరికీ గుర్తు రాలేదు. భార్య జానకి ముఖ్యమంత్రి అయ్యారు, 1988 జనవరి 28న విశ్వాస పరీక్ష రోజున సభలో కొట్లాట జరిగి పోలీసులు లోపలికి వచ్చారు, పార్టీ రెండాకుల గుర్తును ఎన్నికల సంఘం స్తంభింపజేసింది. 1989 ఎన్నికల్లో జయలలిత కోడిపుంజు గుర్తుతో 27 స్థానాలు గెలిచాక, ఆండిపట్టిలో ఓడిన జానకి తప్పుకుని పార్టీని కలిపేశారు. ఒక విధంగా అక్కడ ఓటరే వారసురాలిని ఎన్నుకున్నాడు.

2016 డిసెంబరు 5న జయలలిత మరణించాక మాత్రం పాత కథే నడిచింది. జయలలిత సన్నిహితురాలు శశికళను సర్వసభ్య మండలి తాత్కాలిక ప్రధాన కార్యదర్శిగా నియమించింది, అప్పటి ముఖ్యమంత్రి పన్నీర్‌సెల్వం మెరీనాలో సమాధి దగ్గర ధ్యానంలో కూర్చుని తిరగబడ్డారు, ఎమ్మెల్యేలు కూవత్తూరు రిసార్టులో గడిపారు, 2017 ఫిబ్రవరి 18న కొత్త ముఖ్యమంత్రి పళనిస్వామి 122-11 ఓట్లతో విశ్వాసం నెగ్గారు. రెండాకులు మళ్ళీ స్తంభించి, ఆ ఏడాది నవంబరులో కలిసిపోయిన వర్గాలకు దక్కాయి. 2022 జులై 11న సర్వసభ్య మండలి పళనిస్వామిని తాత్కాలిక ప్రధాన కార్యదర్శిని చేసి, పన్నీర్‌సెల్వాన్ని బహిష్కరించింది. ప్రాథమిక సభ్యులే ప్రధాన కార్యదర్శిని ఎన్నుకోవాలన్న వ్యవస్థాపకుడి నియమాన్ని అప్పుడు తిరిగి తెచ్చారు. దానికి కొన్ని షరతులు జోడించారు. పోటీచేసే వ్యక్తిని పదిమంది జిల్లా కార్యదర్శులు ప్రతిపాదించాలి, మరో పదిమంది జిల్లా కార్యదర్శులు బలపరచాలి, ఆ వ్యక్తి అయిదేళ్ళు ప్రధాన కార్యాలయ పదవిలో ఉండి ఉండాలి. 2023 మార్చిలో ఎన్నిక ప్రకటించారు. ఎంజీఆర్ ఓటు ఇచ్చిన ప్రాథమిక సభ్యులకు ఆ ఓటు వేసే అవసరం రాలేదు. పోటీలో ఒక్కరే మిగలడంతో మార్చి 28న పళనిస్వామి ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు.